ఎవరి నోట బూతు

మార్చి ఎండలో గుంటూరు జిల్లా మిరప కల్లం. ఎర్రటి కుప్ప చుట్టూ కూర్చుని ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతుంటారు. చేతులతో పాటు నోళ్లూ ఆడుతుంటాయి. బావ వరసవాడు అటుగా వస్తే మోటు సరసం మొదలవుతుంది, నవ్వులు పొలం గట్టు దాటతాయి. వచ్చినవాడు అన్న వరస అయితే అవే నోళ్లు టక్కున మూతపడతాయి. మాట అదే, వరస మారింది. పొద్దుగూకితే ఈ మనుషులే పాముని ‘పురుగు’ అంటారు. దీపం ఆరిందనరు, ‘కొండెక్కింది’ అంటారు. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు.

అలంకార శాస్త్రం కూడా దాదాపు ఇదే చెప్పింది. అశ్లీల దోషాన్ని సంస్కృత లాక్షణికులు మూడు రకాలుగా చూశారు: సిగ్గు కలిగించేది, రోత పుట్టించేది, అమంగళాన్ని స్ఫురింపజేసేది. కల్లంలోని సరసం మొదటిదైతే, కొండెక్కిన దీపం మూడోది. కాకపోతే పండితులు ‘గ్రామ్యం’ అన్న మాటను కూడా దోషాల పట్టికలోనే చేర్చారు. పల్లె మాటకు ఆ మచ్చ చాలా కాలం పోలేదు.

ఈ నేలకు సాహిత్యంలోనూ పాత లెక్క ఉంది. పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడి పేరు మీద ఎన్నో పచ్చి చాటువులు ప్రచారంలో ఉన్నాయి. ఓరుగల్లు వీధుల్ని, పూటకూళ్ల ఇంటిని, వేశ్యవాటికను కళ్లకు కట్టే ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయుడిదని కొందరు, కాదు శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాదించారు. గమనించాల్సింది ఒకటుంది. అందులోని పచ్చిదనాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు గానీ, కర్తృత్వం మాత్రం ఇద్దరు మగ కవులకూ కీర్తిగానే దక్కింది.

ఆడది రాస్తే ఏమైందో ముద్దుపళని కథ చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఆమె ‘రాధికా సాంత్వనం’ రాసింది. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని, ఆమెనూ కలిపి నిందించారు. ఆడవాళ్లు వినడానికే తగని మాటలు ఆడదే రాయడం ఆయన సహించలేకపోయారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ మూల ప్రతిని సంపాదించి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించింది. మగవారు రాసిన శృంగార ప్రబంధాలను ఒప్పుకున్న పెద్దలకు ఇదే ఎలా తప్పయిందని ఆమె నిలదీసింది. కావ్యం అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకెళ్లారు. దాదాపు మూడున్నర దశాబ్దాల తర్వాత ఆ నిషేధం తొలగడంలో ముఖ్యపాత్ర టంగుటూరి ప్రకాశం పంతులుది. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టి, మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన మనిషి. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో గానీ, తెలియాల్సిన సంగతి. 1952లో వావిళ్ల వారు కావ్యాన్ని మళ్లీ తెచ్చారు.

ఈలోగా చదువుకున్నవాళ్ల చూపు మారింది. తాపీ ధర్మారావు 1936లో ‘దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకు?’ అని పుస్తకానికే పేరు పెట్టి, సిగ్గుపడే విషయాన్ని పరిశోధించే విషయంగా మార్చారు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటి మాటలను ఊరూరా సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం వెలువరించారు. అది బూతుల పుస్తకం కాదు. కానీ ‘గ్రామ్యం’ అని పక్కన పెట్టిన నాలుకకు నిఘంటువులో చోటిచ్చింది.

1965లో దిగంబర కవులు వచ్చారు. ఆరుగురిలో నగ్నముని తెనాలిలో పుట్టినవాడు, మహాస్వప్న ఉమ్మడి ప్రకాశం జిల్లా లింగసముద్రం వాడు. మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. సభ్యత ముసుగు చించడానికి వాళ్లు బూతును ఆయుధం చేశారు. కోపం నిజమైనదే, కానీ ఆ తిట్లలో చాలాభాగం ఆడదాని ఒంటి మీదుగానే వెళ్లాయి. ఆ ఒంటి గురించి ఆడవాళ్లే రాసినప్పుడు, ప్రసవాన్నీ పైటనూ కవిత్వం చేసినప్పుడు, విమర్శకులు కొందరు ‘నీలి కవిత్వం’ అని ఈసడించారు. ఉమ్మడి గుంటూరు జిల్లా యడ్లపల్లి నుంచి వచ్చిన ఓల్గా 1993లో తెచ్చిన స్త్రీవాద కవితా సంకలనానికి ‘నీలిమేఘాలు’ అనే పేరు పెట్టారు.

అన్నిటికన్నా పదునైన తిట్టు మాత్రం ఏ లాక్షణికుడి లెక్కలోకీ రాలేదు. కులం పేరే తిట్టు. శతాబ్దాలపాటు దాన్ని ఎవరూ బూతు అనలేదు, అది ‘పిలుపు’. 1985 జూలై 16న కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ మర్నాడు ఆరుగురు మాదిగల హత్యతో ముగిసింది. పొన్నూరు ప్రాంతానికి చెందిన కత్తి పద్మారావు తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. ఆ ఆగ్రహమూ కలిసి 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. పది మందిలో అవమానించడం నేరమైంది. 2015 సవరణ కులం పేరుతో దూషించడాన్ని విడిగా, స్పష్టంగా రాసింది. ఇవాళ కల్లంలో ఆ మాట పడినామె స్టేషన్‌కి వెళ్తే, రైటరు ముందు కూర్చుని దాన్ని మళ్లీ తన నోటితో పలకాలి. ఆయన అన్నది అన్నట్టు కాగితం మీద రాసుకుంటాడు.