కళింగ శాసనాల సంఖ్యాక్రమం – సీఎస్‌ఎస్ జాబితాలు: ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల శాసనాల్లో కాలాన్ని, క్రమాన్ని సూచించడానికి ఒకటికి మించిన సంఖ్యాపద్ధతులు కనిపిస్తాయి. శాసనపాఠాలు అంతర్జాలానికి చేరుతున్న ఈ కాలంలో జాబితాలకు సంఖ్యలు వేసే పని సీఎస్‌ఎస్ అనే శైలీభాషకు దక్కింది. ప్రాచీన పద్ధతులను ఈ భాష ఎంతవరకు చూపగలదు, ఏ సంఖ్యను దానికి అప్పగించకూడదు అన్న రెండు ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: గాంగేయ శకం, అంక గణన, భూతసంఖ్య, ముఖలింగం, శ్రీకూర్మం, సీఎస్‌ఎస్, తెలుగు అంకెలు.

1. ప్రవేశిక:

జాబితాలోని సంఖ్యకు రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది వరుసను తెలపడం. రెండవది చిరునామాగా నిలవడం. వంటకానికి కావలసిన సరుకుల పట్టికలో మూడవది నాలుగవదైతే నష్టమేమీ లేదు. శాసన సంపుటంలో ఒక శాసనం సంఖ్య మారితే మాత్రం దాన్ని ఉదాహరించిన సిద్ధాంత గ్రంథాలన్నీ పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తాయి. ఈ భేదం ఎంత ముఖ్యమైనదో ఉత్తరాంధ్ర శాసన చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

2. తామ్రశాసనాలలో కూడిక పద్ధతి:

తూర్పు గంగులు తమ దానశాసనాలకు గాంగేయ శకాన్ని వాడారు. దాని ఆరంభం క్రీ.శ. 498 ప్రాంతమని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. టెక్కలి ప్రాంతపు జిర్జింగి శాసనం ఈ శకంలో 39వ సంవత్సరానికి, ముఖలింగం సమీపంలోని అచ్యుతాపురం శాసనం 87వ సంవత్సరానికి చెందినవి. ఈ కాలపు సంఖ్యాలేఖనానికి బ్రాహ్మీ సంప్రదాయపు కూడిక పద్ధతే ఆధారం. అందులో పదులకు, నూర్లకు వేర్వేరు గుర్తులుంటాయి. నూట ఇరవై ఎనిమిదిని రాయాలంటే నూరు, ఇరవై, ఎనిమిది అనే మూడు గుర్తులను పక్కపక్కన చేరుస్తారు. ఇక్కడ సున్న అవసరం లేదు.

శ్రీకాకుళంలో దొరికిన దేవేంద్రవర్మ శాసనం ఈ విషయంలో విశిష్టమైనది. దాని కాలం గాంగేయ శకం 183. అందులో నూరుకు పాత గుర్తును వాడి, ఎనభైకి మాత్రం స్థానవిలువ పద్ధతిలోని ఎనిమిది అంకెను వేసినట్లు లిపిశాస్త్రవేత్త బ్యూలర్ గుర్తించాడు. ఒక పద్ధతి నుండి మరొక పద్ధతికి మారుతున్న లేఖకుని చేతివాటం ఒకే సంఖ్యలో నిలిచిపోయింది. ఆ సంఖ్యను కేవలం 183 అని ముద్రిస్తే కాలం దక్కుతుంది గాని, లిపిచరిత్రకు ఉన్న సాక్ష్యం పోతుంది.

3. మాటలలో దాగిన అంకెలు:

నరసన్నపేట ప్రాంతానికి చెందిన నడగాం తామ్రశాసనం శక సంవత్సరం 979 నాటిది. ముఖలింగమే ప్రాచీన కళింగనగరమని నిరూపించిన గిడుగు రామమూర్తి దీన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో పరిష్కరించి ప్రకటించారు. వజ్రహస్తుని పట్టాభిషేక సంవత్సరం ఇందులో భూతసంఖ్యలతో చెప్పబడింది. వియత్తు అంటే ఆకాశం, అంటే సున్న. ఋతువులు ఆరు. నిధులు తొమ్మిది. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చితే శక సంవత్సరం 960, అంటే క్రీ.శ. 1038 వస్తుంది. ఛందస్సులో ఇమిడిన సంఖ్యను లేఖకుడు పొరపాటున మార్చడం కష్టం. సంఖ్య ఇక్కడ పాఠంలో విడదీయరాని భాగం.

4. అంక గణన – అంకెలను దాటవేసే వరుస:

గంగుల కాలంలో స్థిరపడి, గజపతుల కాలంలో కొనసాగి, ఒడియా పంచాంగాలలో నేటికీ నిలిచిన పద్ధతి అంక గణన. ఇందులో రాజ్యవర్షాలు ఒకటితో కాక రెండుతో మొదలవుతాయి. ఆరుతో ముగిసే సంఖ్యలను, పది తప్ప సున్నతో ముగిసే సంఖ్యలను వదిలివేస్తారు. కొత్త అంకం భాద్రపద శుక్ల ద్వాదశినాడు ప్రారంభమవుతుంది. కనుక అంకం 5 నాలుగవ సంవత్సరం, అంకం 7 ఐదవ సంవత్సరం. 27వ అంకానికి ముందు 1, 6, 16, 20, 26 లోపించడం వల్ల అది నిజానికి ఇరవై రెండవ పాలనా సంవత్సరం. ఈ లెక్క తెలియని పరిశోధకుడు ఒక రాజు పాలనను ఐదేళ్లు పొడిగించే ప్రమాదముంది. శక సంవత్సరాన్నీ అంకాన్నీ కలిపి పేర్కొన్న శాసనాలు ఈ చిక్కును విడదీయడానికి తోడ్పడ్డాయి.

5. ముద్రణలో జంట సంఖ్యలు:

ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు ‘దక్షిణ భారత శాసనాలు’ ఐదవ సంపుటంలో వెయ్యి దాటిన క్రమసంఖ్యలతో అచ్చయ్యాయి. ప్రతి శాసనానికి సంపుటంలోని సంఖ్యతో పాటు, సేకరించిన నాటి వార్షిక నివేదికలోని సంఖ్య కూడా ఉంటుంది. ఒకే రాతికి రెండు చిరునామాలన్నమాట.

విజయనగర సంస్థానానికి సంబంధించిన మరో ఉదాహరణ ఉంది. మాక్స్‌ముల్లర్ ఋగ్వేద ద్వితీయ ముద్రణ (1890–92) విజయనగర మహారాజు ఆనంద గజపతిరాజు ఆర్థిక సహాయంతో వెలువడింది. ఋగ్వేదానికి మండల–సూక్త–ఋక్కుల విభజన ఒకటి, అష్టక–అధ్యాయ–వర్గ విభజన మరొకటి ఉన్నాయి. పాఠం ఒకటే అయినా రెండు అంచెల సంఖ్యాక్రమాలు సమాంతరంగా నడుస్తాయి.

6. సీఎస్‌ఎస్‌లో ఈ పద్ధతులు:

1996 నాటి సీఎస్‌ఎస్ తొలి ప్రమాణం జాబితాలకు దశాంశ అంకెలను, రోమన్ అంకెలను, లాటిన్ అక్షరాలను మాత్రమే ఇచ్చింది. 1998 నాటి రెండవ ప్రమాణం కౌంటర్లను ప్రవేశపెట్టింది. అప్పటి నుండి 1.2.3 వంటి అంచెల సంఖ్యలు సాధ్యమయ్యాయి. ఒకే అంశం మీద రెండు కౌంటర్లను నడపవచ్చు కాబట్టి ఋగ్వేదపు జంట విభజనను కూడా చూపవచ్చు. ‘కౌంటర్ స్టైల్స్’ మూడవ స్థాయి ప్రమాణంలో ‘తెలుగు’ అనే పేరుతోనే ఒక శైలి ఉంది. లిస్ట్-స్టైల్-టైప్ లక్షణానికి ఆ పేరు ఇస్తే ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు వస్తాయి.

ఈ ప్రమాణం కొత్త శైలులను నిర్వచించుకోవడానికి కొన్ని వ్యవస్థలను ఇస్తుంది. వాటిలో మూడు పై చరిత్రకు దగ్గరగా ఉన్నాయి. స్థానవిలువ లెక్కకు ‘న్యూమరిక్’ సరిపోతుంది. నూరు, ఇరవై, ఎనిమిది అని పేర్చే తామ్రశాసన పద్ధతికి ‘ఎడిటివ్’ తగినది. అంక గణనకు సూటి వ్యవస్థ ఏదీ లేదు. అయినా ‘ఫిక్స్‌డ్’ వ్యవస్థలో 2, 3, 4, 5, 7 అంటూ గుర్తులను వరుసగా రాసి ఇస్తే, ఇచ్చినంతవరకు అంకాలు సరిగా వస్తాయి. దేవేంద్రవర్మ శాసనంలోని మిశ్రమ సంఖ్య మాత్రం ఏ నియమానికీ లొంగదు. అది ఒక లేఖకుడు ఒకసారి చేసిన పని. దాన్ని పాఠంగానే రాయాలి.

7. థీమ్‌లలోని చిక్కు:

సాంకేతిక పత్రాల కోసం తయారైన చాలా థీమ్‌లలో అందం కోసం సహజమైన జాబితా సంఖ్యలను తొలగించి, సొంత కౌంటర్‌తో వలయాలలోనో రంగు గడులలోనో సంఖ్యలను చూపుతారు. జాబితా ఏ సంఖ్యతో మొదలు కావాలో చెప్పే హెచ్‌టీఎంఎల్ ‘స్టార్ట్’ గుణం సహజ కౌంటర్‌ను మాత్రమే ప్రభావితం చేస్తుంది. సొంత కౌంటర్ దాన్ని పట్టించుకోదు. ఫలితంగా వెయ్యి దాటిన సంఖ్యతో మొదలు కావలసిన ముఖలింగం శాసనాల పట్టిక ఒకటితో మొదలవుతుంది. మధ్యలో ఒక శాసనాన్ని చేర్చినా, తొలగించినా తరువాతి సంఖ్యలన్నీ జరిగిపోతాయి. పైగా ఇలా పుట్టిన సంఖ్య పాఠంలో ఉండదు. నకలు తీసినప్పుడు వెంట రాదు, పుటలో వెదికితే దొరకదు.

8. ముగింపు:

వరుసను మాత్రమే తెలిపే సంఖ్యను సీఎస్‌ఎస్‌కు నిశ్చింతగా అప్పగించవచ్చు. శాసన సంఖ్య, పంక్తి సంఖ్య, అంకం, శక సంవత్సరం వంటివి సాక్ష్యాలు. వాటిని సంపాదకుడు పాఠంలోనే నమోదు చేయాలి. శైలి వాటి రూపాన్ని దిద్దవచ్చు గాని విలువను నిర్ణయించకూడదు. తెలుగు అంకెలతో చూపిన పట్టికలలో వెదుకులాటకు వీలుగా అంతర్జాతీయ అంకెలను కూడా పక్కన ఉంచడం మేలు. రాగిరేకు మీద చెక్కిన సంఖ్య పన్నెండు వందల ఏళ్ల తరువాత కూడా చదవడానికి వీలైంది. అది రేకులో భాగం కావడమే అందుకు కారణం. డిజిటల్ శాసన సంపుటాలను రూపొందించేవారు పాటించవలసిన మొదటి నియమం ఇదే.