షార్డనే ద్రాక్ష తల్లి ఎవరు?

ఆ మధ్య ఎయిర్‌పోర్టులో ఒక దుకాణం ముందు నిలబడి సీసాలు చూస్తుంటే చాలా లేబుళ్ల మీద ఒకటే పేరు కనపడింది: షార్డనే. నేను చాన్నాళ్లు అది కంపెనీ పేరనుకున్నాను. కాదండీ, అది తెల్ల ద్రాక్షలో ఒక రకం. ఇది తాగమని చెప్పే ఎపిసోడ్ కాదు, ముందే చెప్పేస్తున్నా. ఇది ఒక పుట్టుక కథ.

షార్డనే సొంతూరు ఫ్రాన్స్‌లోని బర్గండీ. అక్కడ ఇదే పేరుతో ఒక చిన్న ఊరు కూడా ఉంది. ఇంత పేరున్న ద్రాక్షకి గొప్ప వంశం ఉండాలి కదా అని జనం కథలు అల్లారు. క్రూసేడ్ యుద్ధాలకి వెళ్లినవాళ్లు తూర్పు దేశాల నుంచి తెచ్చారని ఒక కథ. పినో అనే పేరున్న రకానికి దగ్గరి చుట్టమని ఇంకో మాట.

1999లో అసలు సంగతి బయటపడింది. కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీలో జాన్ బోవర్స్, కరోల్ మెరెడిత్, వాళ్లతో పాటు ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి 300కి పైగా ద్రాక్ష రకాల డీఎన్‌ఏ పోల్చి చూశారు. మనుషుల్లో తండ్రెవరో తేల్చడానికి చేసే పరీక్ష లాంటిదే. బిడ్డలో సగం అమ్మది, సగం నాన్నది ఉండాలి. అలా చూస్తే షార్డనేకి ఒక వైపు పినో సరిపోయింది. రెండో వైపు ఎవరనుకున్నారు? గుయే బ్లాన్!

ఈ గుయే బ్లాన్ ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. పెద్దవాళ్ల తోటల్లో పినో ఉంటే, పేద రైతులు నాసి నేలల్లో వేసుకునే రకం ఇది. కాపు ఎక్కువ, రుచి తక్కువ. దీన్ని నాటకూడదని నిషేధాలు కూడా పెట్టారు. అయినా రైతులు వదల్లేదు. ఆ తోటలు పక్కపక్కనే ఉండటంతో పుప్పొడి కలిసింది, గింజ పడింది, కొత్త తీగ మొలిచింది. ఎవరో రైతు దాన్ని పీకేయకుండా ఉంచాడు. ఆ తీగ ముక్కలు నాటుకుంటూ వచ్చిందే ఈ రోజు కాలిఫోర్నియా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న షార్డనే.

ఇదొక్కటే కాదు. ఆ పరీక్షలో మొత్తం 16 రకాలు ఇదే జంటకి పుట్టాయని తేలింది. వాటిలో గమే ఒకటి. 1395లో బర్గండీ పాలకుడు ఫిలిప్ ద బోల్డ్ ఆ గమేని పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అంటే ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒకరికి గౌరవం, ఒకరికి వెలి!

మరి ఇద్దరిలో తల్లి ఎవరు? ఆకుల్లో ఉండే హరితరేణువులకి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. ద్రాక్షలో అది తల్లి నుంచే వస్తుంది. 2010లో ప్రచురించిన ఇంకో పరిశోధన దాన్ని చూసి తేల్చింది: షార్డనే తల్లి గుయే బ్లానే. నిషేధం పెట్టి తరిమిన ఆ తీగే.

ఇప్పుడు గుయే బ్లాన్ చాలా అరుదు. స్విట్జర్లాండ్‌లో కొంచెం, ఆస్ట్రేలియాలో రదర్‌గ్లెన్ దగ్గర కొంచెం మిగిలింది. నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ నిషేధాలు రాసినవాళ్ల మాట రైతులు పూర్తిగా విని ఉంటే, షార్డనే పుట్టేదే కాదు. ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆ రోజే తేల్చేయడం ఎంత కష్టమో చూడండి.

మీ ఊళ్లో కూడా "ఇది పనికిరాని రకం" అని వదిలేసిన వరో, మామిడో ఉందా? దాని పేరు కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం.