లేచిపోయిన జంట, పేరు చెప్పని కులం: ‘జయం’ నుంచి ‘లవ్ స్టోరీ’ దాకా

పెద్దలు కుదిర్చిన పెళ్లి వద్దని గడప దాటిన అమ్మాయిని మన ఊళ్లలో ‘లేచిపోయింది’ అంటారు. ఆ మాటలో నింద ఆమెకే. అదే కథ తెరమీదికి వస్తే ఈలలు వేస్తాం. ఆ జంటలో ఒకరు దళితులైనప్పుడు సినిమా ఏం చెబుతోంది, ఏం దాస్తోంది?

‘జయం’: అడ్డుగోడ పేదరికమేనా?

తేజ దర్శకత్వంలో 2002లో వచ్చిన ‘జయం’ ఈ తరహా కథలకు నమూనా. నితిన్, సదలకు ఇది తొలి సినిమా. గోపీచంద్ ప్రతినాయకుడు. చిన్నప్పుడే రఘుకు ఇస్తామనుకున్న సుజాత, పేదింటి కుర్రాడు వెంకట్‌ను ప్రేమించి, ఆ పెళ్లి తప్పించుకుని అతనితో వెళ్లిపోతుంది. 2003లో తమిళంలోనూ అదే పేరుతో తీశారు. ‘జయం’ రవికి ఆ పేరు అలా వచ్చిందే. కథలో అడ్డుగోడ డబ్బు. కులం చర్చకు రాదు. దాంతో పెళ్లి సంబంధాలను అసలు నడిపించేది ఏమిటన్న ప్రశ్న కూడా మాయమవుతుంది.

పేరు చెప్పిన సినిమాలు

దీనికి 64 ఏళ్ల ముందే, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, నాయిక కాంచనమాల. బ్రాహ్మణ యువకుడు, దళిత యువతి ఊరు విడిచి కలకత్తా వెళ్తారు. కులాన్ని సినిమా పేరులోనే పెట్టడం ఆనాటికి సాహసం. అయితే అది గాంధేయ సంస్కరణ కథ. పూజారి మనసు మారితే తప్ప సమస్య తీరదు.

2021లో రెండు సినిమాలు మళ్లీ ఆ గీత దాటాయి. బుచ్చిబాబు సానా ‘ఉప్పెన’లో నాయిక తండ్రి రాయణం, కూతురు వెళ్లిపోయిన సంగతి ఊరికి తెలియకుండా ఆరు నెలలు దాస్తాడు. ప్రేమించిన యువకుడి శరీరం మీద క్రూరంగా కక్ష తీర్చుకుంటాడు. శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’లో రేవంత్‌ది దళిత క్రైస్తవ కుటుంబం, మౌనికది ఆర్మూరు ప్రాంతపు భూస్వామ్య కుటుంబం. కులహింస, ఇంట్లోనే ఆడపిల్లపై జరిగే లైంగిక హింస ఒకే మనిషి చేతుల్లో ఉంటాయని ఆ సినిమా చూపింది. ఇది గమనించదగ్గ విషయం. కులాన్ని కాపాడటమంటే ఆడపిల్లను అదుపులో పెట్టడమే.

తెర దించాక

మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న ఒక దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్య కళ్లముందే, ఆసుపత్రి బయట నరికి చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు విధించింది. 2022 మేలో సరూర్‌నగర్‌లో మరో దళిత యువకుడిని నడిరోడ్డుపై చంపారు. వీటిని ‘పరువు హత్యలు’ అనడం హంతకుడి భాష. ఇవి కుల దురహంకార హత్యలు.

ఎర్రుపాలెం సంగతే చూద్దాం. మధిర ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మండలం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో స్టేషన్ ఉంది. ఇలాంటి చోట రైలెక్కిన జంట కాసేపట్లో వేరే రాష్ట్రంలో ఉంటుంది. ఇక్కడ కిడ్నాప్ కేసు, అక్కడ తెలియని పోలీసులు. సినిమా ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

చట్టం ఏమంటుంది

యువతికి 18, యువకుడికి 21 ఏళ్లు నిండితే పెళ్లికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కులాంతర జంటలను వేధించకుండా, బెదిరింపుల నుంచి కాపాడాలని సుప్రీంకోర్టు 2006లో లతాసింగ్ కేసులో దేశవ్యాప్తంగా పోలీసులను ఆదేశించింది. 2018 మార్చి 27న శక్తివాహిని తీర్పు జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, 24 గంటల హెల్ప్‌లైన్లు ఉండాలంది. కిడ్నాప్ కేసు పెడితే, ఇష్టపూర్వకంగానే వచ్చానని యువతి మేజిస్ట్రేట్ ముందు ఇచ్చే వాంగ్మూలం కీలకం. వయసు నిరూపించే పత్రాలు వెంట ఉండాలి.

రెండు చిక్కులున్నాయి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాణభయంతో వచ్చిన జంటకు ఆ నెల రోజులే ప్రమాదం. రెండోది, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ దళితులకే ఎస్సీ హోదా ఇస్తోంది. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. అంటే ‘లవ్ స్టోరీ’లోని రేవంత్ లాంటి యువకుడిని దళితుడని కొట్టినా, కేసు పెట్టేనాటికి చట్టం దృష్టిలో అతను దళితుడు కాడు.

ప్రేక్షకుడికి జంట పారిపోవడమే విజయం. ఉద్యమానికి మాత్రం, వాళ్లు పారిపోవాల్సిన అవసరం లేని ఊరే విజయం.