గాలి పేరే దిక్కు పేరు

తూర్పు ఆఫ్రికా తీరంలో, మొంబాసాలోనో జాంజిబార్‌లోనో, ఉత్తరాన్ని "కాస్కాజీని" అంటారు. కాస్కాజీ అంటే ఈశాన్యం నుంచి వీచే ఋతుపవనం. చివరి "ని" మన "లో", "దగ్గర" లాంటిది. ఆ గాలి ఉండే చోటే ఉత్తరమన్నమాట! దక్షిణం పేరు "కుసీని". కుసీ అటునుంచి వచ్చే గాలి.

ఒకే మాటలో గాలి, కాలం, దిక్కు మూడూ ఇమిడిపోవడం ఊరికే జరగలేదు. డిసెంబరు నుంచి మార్చి దాకా కాస్కాజీ వీస్తుంటే అరేబియా నుంచీ, మన గుజరాత్ రేవుల నుంచీ తెరచాప ఓడలు ఆ తీరానికి చేరేవి. కుసీ మొదలయ్యాకే తిరుగు ప్రయాణం. వర్తకులకి గాలే పంచాంగం.

అలా వచ్చిపోయేవాళ్ళ వల్ల స్వాహిలీలో అరబ్బీ మాటలు బోలెడు చేరాయి. దాంతో అదేదో కలగాపులగపు భాష అని తేల్చేసిన వాళ్ళున్నారు. నాకా మాట గిట్టదు. దాని వెన్నెముక అచ్చంగా బంటూ భాషల వెన్నెముక. 1728 నాటికే అరబ్బీ లిపిలో రాసిన కావ్యపు ప్రతి ఉన్న భాష అది.

1844లో యోహాన్ లుడ్విగ్ క్రాప్ఫ్ అనే జర్మన్ మిషనరీ మొంబాసా చేరాడు. ఆ ఏడాదే, పురుడొచ్చిన కొద్ది రోజులకి, భార్య రోజిన్ జ్వరంతో కన్నుమూసింది. వెనకే పసిగుడ్డూ పోయింది. ఆయన మాత్రం భాష నేర్చుకోవడం మానలేదు. ఆయన స్వాహిలీ నిఘంటువు 1882లో, ఆయన పోయిన మరుసటేడు, అచ్చయింది. దాని పేరెత్తితే నాకు ముందు రోజినే గుర్తొస్తుంది.

వెన్నెముక అన్నాను కదా, ఇంటి సంగతే చూడండి. "న్యుంబా" అంటే ఇల్లు, "న్యుంబాని" అంటే ఇంట్లో. "మా ఇంట్లో" అనాలంటే మాత్రం మూడు రకాలు. ఫలానా చోటని గురిపెట్టి చెబితే "న్యుంబాని పాంగు". మా ఇంటి వైపు, మా ఇంటి పట్టున అనే అర్థంలో "క్వాంగు". గడప దాటి లోపలే అయితే "మ్వాంగు". వీధి అరుగు మీద కూచుని "ఇంట్లోనే ఉన్నా" అనేవాళ్ళకి అక్కడ మ్వాంగు చెల్లదు!

ఈ చోటు మాటే కాలానికీ పనికొస్తుంది. "నిలిపోఫికా" అంటే నేను చేరినప్పుడు. అందులోని "పో" ఆ "పా" ఇంటిదే. మనమూ "ఇంతలో", "వచ్చేలోపల" అంటాం కదా.

గడియారం లెక్క మరీ సరదా. భూమధ్యరేఖకి దగ్గర కనక అక్కడ ఏడాది పొడుగునా ఇంచుమించు ఆరింటికే తెల్లారుతుంది. లెక్క అక్కణ్ణుంచే మొదలు. మనకి ఉదయం ఏడైతే వాళ్ళకి "సా మోజా", ఒంటిగంట. మిట్టమధ్యాహ్నం ఆరు. మన పంచాంగం ఘడియలూ సూర్యోదయం నుంచేగా!

ఇక వారాలు. శుక్రవారం నమాజు రోజు, దాని మర్నాడు శనివారం మొదటిది. అలా సొంత అంకెలతో లెక్కపెట్టుకుంటూ వచ్చి బుధవారాన్ని "జుమాతానో", అంటే అయిదోది, అన్నారు. గురువారానికి మాత్రం అరబ్బీ పేరే ఉంచేశారు, "అల్హమీసి" అని. దానర్థమూ అయిదోదే. వరసగా రెండు అయిదో రోజులు, అయినా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.