డాలస్ (టెలివిజన్ ధారావాహిక)

అమెరికాలో సీబీఎస్ 1978 నుంచి 1991 వరకు ప్రసారం చేసిన ధారావాహిక. సృష్టికర్త డేవిడ్ జేకబ్స్. టెక్సస్ చమురు సంపన్నులైన యూయింగ్‌లకూ బార్న్స్ కుటుంబానికీ నడుమ పాత పగ ఇందులో కథావస్తువు. సిరిసంపదల తళుకే దీనికి ఆదరణ తెచ్చిందంటారు. అది సగం నిజమే. శత్రువుల ఇంటి ఆడపిల్ల పమేలాను యూయింగ్‌ల చిన్న కొడుకు బాబీ పెళ్లాడి తేవడంతో కథ మొదలవుతుంది. యూయింగ్‌ల నివాసమైన సౌత్‌ఫోర్క్‌లో అన్నదమ్ములు, కోడళ్లు ఒకే బల్ల దగ్గర భోంచేయాల్సిందే. తగువులాడుకున్నవాళ్లు విడిపోలేకపోవడమే దీని అసలు బలం.

1980 మార్చి భాగంలో బాబీ అన్న జె.ఆర్. యూయింగ్‌పై జరిగిన కాల్పులే ఇందుకు సాక్ష్యం. ఇంటాబయటా అందరికీ అతనిపై కక్ష ఉంది కాబట్టే, కాల్చింది మరదలు క్రిస్టిన్ అని తేలిన నవంబరు 21 భాగాన్ని సుమారు 8.3 కోట్ల మంది అమెరికన్లు చూశారు. నటుల సమ్మెతో ప్రసారం ఆలస్యమై ఉత్కంఠ పెరిగిందన్నది నిజమే. అయితే నిరీక్షణ ఆసక్తిని పెంచుతుందే తప్ప పుట్టించదు.