వద్దు వెనక వలపు

పేపర్లో చిన్న ప్రకటనల పేజీ తిరగేస్తే 'డ్రైవర్ కావలెను', 'వరుడు కావలెను' అని ఇప్పటికీ కనిపిస్తుంటాయి. ఆ కావలెనుకీ, పాకే పిల్లాడు పొయ్యి దగ్గరకు పోతే మనం అరిచే వద్దుకీ మూలం ఒక్కటే.

వలయు అంటే కావలసి ఉండటం. దానికి వ్యతిరేకం వలదు. నాలుక మీద నలిగి నలిగి లకారం దకారంలో కలిసిపోయి వద్దు అయింది, మాటల్లోనైతే ఒద్దు. అటు వెళ్లవలెను కూడా అరిగి వెళ్లాలి అయింది. అంటే వెళ్లాలి, వెళ్లొద్దు తోబుట్టువులన్నమాట. వలచు, వలపు కూడా ఆ ఇంటి పిల్లలే!

కాబట్టి వద్దు పుట్టుకతో ఆజ్ఞ కాదు, ఇష్టం లేదని చెప్పడం. 'నాకు కాఫీ వద్దు' అన్నప్పుడు ఆ పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది. 'నువ్వు వెళ్లొద్దు' అంటే నీ వెళ్లడం ఎవరికో ఇష్టం లేదని. వెళ్లకు, వెళ్లకండి అని ఎదుటి మనిషిని బట్టి క్రియ మారుతుంది గానీ వద్దు మారదు. పెద్దలకైతే ఒక అండీ తగిలిస్తాం, అంతే.

సర్కారు బోర్డులకు ఈ మాట నచ్చదు. 'పొగ త్రాగరాదు', 'పూలు కోయరాదు' అంటాయి. రాదు, కూడదు అన్నప్పుడు వెనక చట్టమో ఆచారమో ఉంటుంది. వద్దు వెనక ఒక మనిషి ఉంటాడు. 'పూలు కొయ్యొద్దు' అని రాస్తే ఇంకో నలుగురు వింటారని నా అనుమానం.

బంతి భోజనాల్లో మాత్రం వద్దుకు విలువ తక్కువ. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి 'వద్దు వదినా, చాలు' అంటే, వేళ్ల సందుల్లోంచే ఇంకో గరిటె పప్పు పడుతుంది. మొదటి వద్దు మొహమాటం, రెండోది మర్యాద, మూడోదాన్నే కాస్త నమ్ముతారు. కాదన్నా వచ్చిపడే వాటికి 'వద్దంటే' అనే పలుకుబడి కూడా ఉంది. 1954లో ఎన్టీఆర్ సినిమాకు 'వద్దంటే డబ్బు' అనే పేరు పెట్టారు.

బంతిలో చెల్లని వద్దు ఊళ్లో చెల్లిన సందర్భమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఊళ్లో సారా వద్దన్నారు. రోశమ్మ అనే ఆవిడ ముందు నిలిచింది. ఆ వద్దు ఊరూరా పాకింది. మరుసటి ఏడాది సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది రెండేళ్లకే సడలిపోయింది.