ద్రాక్షతోటలో మంచె

అమెరికన్ బాప్టిస్టు మిషను ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో కేంద్రాలు నెలకొల్పింది. ఈ మెట్టప్రాంతపు కూలిజన సంఘాలకు ద్రాక్షతోట పరిశుద్ధ గ్రంథం ద్వారానే పరిచయమైంది. కంచె, గుత్త, దినకూలి వారెరిగినవే. చిక్కంతా తోటలోని కావలి కట్టడంతో వచ్చింది. మన తెలుగు బైబిలు దానిని యెషయా 5లో బురుజు అనీ, మత్తయి 21లో గోపురము అనీ పిలిచింది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలిచిన దుర్గం కింద నివసించేవారికి బురుజు రాజుది. గోపురం, తమను లోపలికి రానివ్వని గుడిది. పాలస్తీనాలో మాత్రం అది కోతకాలంలో రైతు కుటుంబం కాపుండే రాతికట్టు. మంచె అన్న మాటే దానికి తగినదని మా అభిప్రాయం. బురుజు అని విన్న చెవికి ద్రాక్షతోట దొరల ఆస్తిగా తోస్తుంది. 1 రాజులు 21లో నాబోతు తోట ఒక కుటుంబపు పిత్రార్జితం. దానిని కోరినవాడు రాజు.